సర్వేయరు కోసం వేసిన వెల్ల

జయకుమారి టీచరుకి శుభ్రం పిచ్చి అని పల్లెలో అందరూ అంటారు. ఆమె అత్త ఎలీసమ్మ కూడా అంటుంది, కాకపోతే ముద్దుగా అంటుంది. రోజుకి రెండుసార్లు గడప కడగాలి, గిన్నెలు తోమాక మళ్ళీ తోమాలి, మంచం కింద నేల కూడా అద్దంలా ఉండాలి. ఆ పిచ్చి ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు, ఆమే ఎవరికీ చెప్పలేదు.

పర్చూరుకి అవతల, నల్లరేగడి చేలమధ్య ఉంటుంది ఆ ఊరు. ఊరికి తూర్పున మురుగుకాలవ, కాలవ దాటితే పల్లె. పత్తి తీతకో మిరపకాయ కోతకో కూలీలు కావలసినప్పుడు ఊళ్ళో ఆసాములు కాలవ గట్టుమీద నిలబడి కేకేస్తారు. కిందికి దిగరు. "ఆ కంపులోకి ఎవడు దిగుతాడ్రా" అని నవ్వుకుంటారు, అదీ ఎదురుగా నిలబడినవాళ్ళకి వినబడేట్టే. జయకుమారి పుట్టిన పల్లెలోనూ అదే మాట, మెట్టిన పల్లెలోనూ అదే మాట. బడిలో తన దగ్గర నాలుగో తరగతి చదివే ఆసామి కూతురు ఒకసారి పలక అందుకుంటూ, "టీచర్, మీ దగ్గర వాసన రాదేం?" అని అడిగింది. పిల్లకి కల్మషం లేదు, ఇంట్లో విన్నది అడిగింది అంతే. జయకుమారి నవ్వి ఊరుకుంది. ఇంటికెళ్ళి తలస్నానం చేసింది.

అలాంటి మనిషి బ్యాంకు అప్పుతో రెండు గదుల ఇల్లు కట్టుకుంది. ఇటుక గోడలు, బంగళా పెంకులు, ముందు వరండా, పక్కన చిన్న వంటిల్లు. వెనక గది అత్తకి. ఎలీసమ్మకి ఉబ్బసం. పొగా, చలిగాలీ తగిలితే ఊపిరాడదు. అందుకని ఆ గదికి కిటికీ కూడా తెలివిగా గాలి వాటానికి ఎదురు కాకుండా పెట్టించింది.

అప్పు ఇచ్చిన బ్యాంకువాళ్ళు ఇంటికి బీమా చేయించాలన్నారు. బీమా ఏజెంటు జాన్ బాషా సైకిలు మీద వచ్చి వరండాలో కూర్చుని, కాఫీ తాగి, కాగితాలు తీశాడు. ఆ ఇంట్లో కాఫీ తాగిన బయటివాళ్ళలో అతనే మొదటివాడు కాబట్టి జయకుమారికి అతనంటే గౌరవం.

"నిప్పంటుకుందనుకోండి, కంపెనీ ఇస్తుంది. పిడుగు పడినా ఇస్తుంది. గాలివానకి కప్పు లేచిపోయినా, వరదొచ్చి గోడ పడినా ఇస్తుంది టీచర్ గారూ."

"మరి దేనికి ఇవ్వదు?"

"యుద్ధమొస్తే ఇవ్వదు. మీ ఇల్లు మీరే తగలబెట్టుకుంటే ఇవ్వదు. పాతబడిపోయి దానంతట అది కూలితే ఇవ్వదు. నేల కుంగి గోడ బీటలిస్తే ఇవ్వదు."

"ఈ నేల కుంగకుండా ఎప్పుడుంది బాషా గారూ? ఎండాకాలం నెర్రెల్లో కాలు దిగబడుతుంది. వానాకాలం ఉబ్బుతుంది. ఊళ్ళో బీటలేని గోడ ఒకటి చూపించండి."

జాన్ బాషా పకపకా నవ్వాడు. "నిజమేనండి. ఆ రూలు రాసినోడు మన రేగడి చూసుండడు. అయినా మీది కొత్తిల్లు, భయమెందుకు? సంతకం పెట్టండి."

పెట్టింది. పాలసీ ఇంగ్లీషులో ఎనిమిది పేజీలు. మొదటి పేజీ చదివి మిగతాది ట్రంకుపెట్టెలో పెట్టింది. టీచరు కదా, అన్నీ చదివి ఉండాల్సింది. ఆ ముక్క తర్వాత ఆమే తనలో తాను వెయ్యిసార్లు అనుకుంది.

ఎనభై ఏడు నవంబరులో తుపాను పట్టింది. రెండు రోజులు గాలి, వాన. మూడోరోజు పొద్దున మురుగుకాలవ గట్టు తెగింది. ఊరు మెరక మీదుంది, పల్లె పల్లంలో ఉంది, నీళ్ళకి ఆ మాత్రం తెలుసు. పల్లె మొత్తం నీళ్ళలో నిలబడింది. జయకుమారి ఇంట్లో నీళ్ళు మోకాలు దాటి తొడలదాకా వచ్చాయి. ఎలీసమ్మని ముందు గదిలో బల్లమీద కూర్చోబెట్టారు. మధ్యాహ్నానికి వెనక గది గోడ కడుపు ఉబ్బి, ఉబ్బి, ఒక్కసారిగా లోపలికి పడింది. అత్త మంచం ఇటుకల కింద నుజ్జయింది. ముసలిది అందులో లేదు, అదొక్కటే దేవుడి దయ.

నీళ్ళు రెండు రోజులు నిలిచి తీశాయి. తీసినప్పుడు ఇంట్లో ఏం వదిలి వెళ్ళాయో చెప్పాలంటే రోత. కాలవలో ఉండేదంతా వదిలి వెళ్ళాయి. ఊరి దొడ్ల మురుగు, చచ్చిన పందికొక్కు, కుళ్ళిన పత్తికట్టె, ఇంకా పేరు పెట్టలేనివి. మిగిలిన గోడలన్నిటి మీదా ఒకే ఎత్తులో నల్లటి జిడ్డుగీత పడింది, తాడు పట్టి గీసినట్టు. దాని కిందంతా నలుపు, దానిపైనంతా తెలుపు. జయకుమారి ఆ గీత చూసి బయటికొచ్చి కక్కింది.

జయకుమారి భర్త యేసుపాదం పత్తిమిల్లులో పనిచేస్తాడు, ఆదివారం గుడిలో వాక్యం చదువుతాడు. మెత్తటి మనిషి. ఇటుకల గుట్ట ముందు నిలబడి, "బీమా ఉందిగా కుమారీ. గోడ మళ్ళీ లేస్తదిలే. చలి ముదిరేలోపు అమ్మకి గది అయిపోవాల, అంతే" అన్నాడు. ఇద్దరి జీతాలూ అప్పుకీ తిండికీ సరిపోతాయి. కంపెనీ ఇస్తేనే గోడ. లేకపోతే ఉబ్బసం మనిషి ఈ చలికాలం ఒకవైపు గోడలేని ఇంట్లో వెళ్ళదీయాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఎలీసమ్మకీ తెలుసు.

కబురందుకుని జాన్ బాషా వచ్చాడు. ఫారాలు రాయించుకున్నాడు. "బేస్తవారం సర్వేయరు వస్తాడండి. పెద్ద ఆఫీసరు. ఇల్లంతా లోపలా బయటా చూస్తాడు. మీరు ఇంటి దగ్గరుండండి" అని చెప్పి, మునిగిన ఇళ్ళు ఇంకా ముప్పై ఉన్నాయని హడావుడిగా వెళ్ళిపోయాడు.

లోపలా బయటా చూస్తాడు. జయకుమారి ఆ మాట దగ్గరే ఆగిపోయింది. కాలవ గట్టుమీద నుంచి చూసి వెళ్ళిపోయేవాళ్ళే తప్ప, పెద్ద ఆఫీసరు ఒకడు పల్లెలోకి దిగి, తన గడప దాటి, తన గదుల్లో తిరిగింది లేదు. ఇప్పుడు తిరుగుతాడు. తిరిగి ఈ మురికి చూస్తాడు. ఈ గీత చూస్తాడు. ఒంగోలు ఆఫీసుకి వెళ్ళి, "వాళ్ళ ఇళ్ళు ఎలా ఉంటాయో తెలుసుగా" అంటాడు. అనడా? తప్పకుండా అంటాడు. ఆమె కొంగు దోపుకుంది.

మూడు రోజులు బడికి సెలవు పెట్టింది. ఇల్లంతా బ్లీచింగు పొడి చల్లింది. గోడలు పీచుపెట్టి తోమింది, చేతులు పుండ్లయ్యేదాకా తోమింది. నుజ్జయిన మంచం పొయ్యిలోకి పోయింది. యేసుపాదం గుడివాళ్ళని నలుగురిని పిలిచాడు. పడిన గోడ ఇటుకలు ఒక్కొక్కటీ గీకి, కడిగి, వరండా పక్కన వరసగా పేర్చారు. మట్టి తట్టలతో మోసి కాలవగట్టు గండిలో పోశారు. గోడ ఉన్నచోట తడిక కట్టి, మట్టి మెత్తి, అలికారు. బేస్తవారానికి ఒకరోజు ముందు పిడుగురాళ్ళ సున్నం తెప్పించి, నీలిమందు కలిపి, తడిక మీదా గోడల మీదా రెండు పూతలు వెల్ల వేశారు. నల్లగీత మీద మూడో పూత జయకుమారే తన చేత్తో వేసింది. గీత పోయింది. గది మధ్యలో నిలబడి చుట్టూ చూసుకుని, ఎన్నాళ్ళకో ఊపిరి పీల్చుకుంది.

పక్కింటి వీరమ్మ తన గుడిసె ముందు కూర్చుని ఇదంతా చూసింది. కూలికి వెళ్ళే మనిషి, సున్నానికి డబ్బులెక్కడివి? ఆమె మట్టిగోడల మీద గీత అలాగే ఉంది.

"ఎందుకే టీచరమ్మా అంత యాతన? మునిగిన కొంప మునిగినట్టు ఉంటది. చూస్తే చూడనీ."

"వచ్చేది నీ ఇంటికి కాదుగా" అంది జయకుమారి. అన్నాక నాలుక కరుచుకుంది గానీ, మాట బయటికి వెళ్ళిపోయింది. వీరమ్మ లేచి గుడిసెలోకి వెళ్ళింది.

బేస్తవారం పదకొండింటికి జీపు వచ్చి కాలవ గట్టుమీద ఆగింది. సర్వేయరు దిగాడు. యాభై ఏళ్ళుంటాయి, తెల్ల చొక్కా, మెరిసే బూట్లు. దిగగానే జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. గట్టు దిగుతున్నంతసేపూ తీయలేదు. వరండా మెట్టు ముందుకి వచ్చి ఆగాడు. అంతే, అక్కడినుంచి ముందుకి కదల్లేదు.

"ఈ ఇల్లేనా?"

"అవునండయ్యా. లోపలికి దయచెయ్యండి" అన్నాడు యేసుపాదం, సగానికి వంగి. ఆ వంగడం చూసి జయకుమారికి ఒళ్ళు మండింది. కుర్చీ మీద కొత్త తువ్వాలు పరిచి ఉంది. కొత్త గాజుగ్లాసులో కాఫీ ఆమే తెచ్చి అందించింది.

"వద్దమ్మా. కడుపు బాలేదు."

"పోనీ మంచినీళ్ళు..."

"వద్దన్నానా."

రెండు నిమిషాలకి డ్రైవరు జీపులోంచి ఫ్లాస్కు తెచ్చాడు. సర్వేయరు మూత విప్పి, ఆవిర్లు కక్కుతున్న కాఫీ పోసుకుని, ఆమె చేతిలో గ్లాసు ఉండగానే, ఆమె కళ్ళముందే, తీరిగ్గా తాగాడు. బాగాలేని ఆ కడుపులోకి గటగటా పోయింది కాఫీ. జయకుమారి చేతిలో గ్లాసు చల్లారిపోయింది. ముఖాన పోసేద్దామా అన్నంత రోత పుట్టింది ఆమెకి. కానీ వెనక గదికి గోడ కావాలి. గ్లాసు మెట్టు పక్కన పెట్టి చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏమ్మా, పడిన గోడ ఏది?"

"వెనక గదిదండి. అదిగో, ఆ తడిక ఉన్నచోట. లోపలికొస్తే కనబడుతుంది."

అతను మెట్టు మీద నుంచే మెడ సాచి చూశాడు. గుమ్మంలోంచి ముందుగది, దాని వెనక తెల్లటి తడిక. "గోడలాగే ఉందే. మట్టి ఏది? ఇటుకల గుట్ట ఏది?"

"మట్టి తీసేశామండయ్యా, ఇటుకలు కడిగి అదిగో అక్కడ పేర్చాం. మీరొస్తారని సర్దేశాం" అన్నాడు యేసుపాదం, అదేదో మెచ్చుకోలుకి తగిన పనిలాగా.

సర్వేయరు మొదటిసారి నవ్వాడు. చెడ్డ నవ్వు. "నేనొస్తానని సర్దారా? ఏమ్మా, నువ్వు టీచరువటగా. పాలసీ చదవలేదూ? కంపెనీ మనిషి చూసేదాకా దేన్నీ కదిలించకూడదని ఆరో పేజీలో ఉంది. ఇప్పుడు నేనేం చూసి రాయను? ఈ నేలలో గోడలు వాటంతటవే బీటలిచ్చి పడతాయి. నేల కుంగితే కంపెనీ ఇవ్వదు. వరదకైతే ఇస్తుంది. వరదొచ్చిందని ఏమిటి గుర్తు?"

"పల్లె మొత్తం మునిగింది సార్. ఎవర్నైనా అడగండి."

"అడిగితే అందరూ మునిగామనే అంటారు. మీ గోడమీద నీళ్ళ మరక ఏది? పెళ్ళివారిల్లులా ఉంది."

జయకుమారి కళ్ళు పక్కకి తిరిగాయి. పదడుగుల దూరంలో వీరమ్మ గుడిసె, దాని గోడమీద నల్లగా, కంటికి గుచ్చుకుంటూ గీత. "అదిగో సార్, మరక. మా ఇంటికీ అంతే ఎత్తున వచ్చాయి."

"పాలసీ ఆ గుడిసెకుందా?"

జయకుమారికి తన చేతులు చూసుకుంటే అసహ్యమేసింది. సున్నానికి పొక్కిన ఈ చేతులే మూడోపూత వేశాయి. తన దగ్గరున్న ఒకే ఒక సాక్ష్యాన్ని పీచుపెట్టి తోమి, కడిగి, దానిమీద నీలిమందు కలిపిన వెల్ల పూసింది. ఎవరికోసం? కాఫీ ముట్టని ఈ పెద్దమనిషి కోసం.

విసురుగా వంటింట్లోకి వెళ్ళి అట్లకాడ తెచ్చింది. అతనికి కనబడేలా గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని గీకడం మొదలుపెట్టింది. సున్నం పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. జుట్టు మీద, ముఖం మీద, ఇస్త్రీ చీర మీద పడింది. "కుమారీ, ఏంటది, లే" అని యేసుపాదం గొణిగాడు. ఆమె వినలేదు. మూడో పూత, రెండో పూత, మొదటి పూత. కింద నలుపు తేలింది, పైన తెలుపు మిగిలింది. తోమినా పోని జిడ్డు గోడలోకి ఇంకిపోయి ఉంది. మూరెడు పొడవున గీత బయటపడేదాకా గీకింది. అలికిన నేలంతా రొచ్చు చేసింది. పల్లెల్లో పుట్టినవాళ్ళు పెద్దమనుషుల ముందు ఎన్నడూ చేయనిది, తన ఇంటి మురికి తనే తవ్వి చూపించడం, అది చేసింది.

"ఇదిగో సార్. వచ్చి కొలుచుకోండి."

సర్వేయరు రుమాలు ఇంకాస్త గట్టిగా నొక్కుకున్నాడు. బ్యాగులోంచి టేపు తీసి లోపలికి విసిరాడు. "నువ్వే కొలిచి చెప్పవయ్యా. నేను రాసుకుంటాను."

యేసుపాదం టేపు అందుకుని కొలిచాడు. "ముప్పై ఒక అంగుళాలండయ్యా."

"ముప్పై ఒకటి" అంటూ సర్వేయరు నోటుబుక్కులో ఏదో గీకాడు. యేసుపాదం టేపు చుట్టి రెండు చేతులతో అందించబోతే, "అక్కడ పెట్టు" అన్నాడు. డ్రైవరు వచ్చి దాన్ని పాతగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ అక్కడే పారేసి, తీసుకెళ్ళాడు.

"రాస్తార్లే, రాస్తారు. దయగల మనిషి" అని యేసుపాదం జీపు వెనక గట్టుదాకా నడిచి, దుమ్ములో నిలబడి దండం పెట్టి వచ్చాడు. జయకుమారి అతని వైపు చూడలేదు. చూస్తే ఆ జీపుని తిట్టాల్సిన తిట్లన్నీ అతనికే తగిలేట్టున్నాయి. ఆ మనిషి మెట్టు దాటలేదు. నాలుగు గోడలున్నాయో మూడున్నాయో కూడా చూడలేదు. మూడు రోజులు తోమినా, తోమకపోయినా, అతనికి ఒకటే.

డిసెంబరు గడిచింది. తడిక మీద మెత్తిన మట్టి ఎండి, పగిలి, సందుల్లోంచి మంచు వస్తూనే ఉంది. గోనెసంచులు అడ్డం కట్టారు. ఎలీసమ్మ కూర్చునే నిద్రపోవడం అలవాటు చేసుకుంది. దగ్గినప్పుడల్లా, "కంపెనీ డబ్బులొస్తయ్యిగా, ఇంకెన్నాళ్ళు" అని తనే కోడలికి ధైర్యం చెప్పేది.

సంక్రాంతి సెలవులైన మర్నాడు రిజిస్టరు ఉత్తరం వచ్చింది. జయకుమారి వరండాలో నిలబడే విప్పింది. ఇంగ్లీషులో నాలుగే నాలుగు వాక్యాలు. ఇల్లు మిక్కిలి పరిశుభ్రముగాను, నివాసయోగ్యముగాను ఉన్నట్లు మా సర్వేయరు స్వయముగా పరిశీలించి నిర్ధారించినారు. వరద నీరు నిలిచిన ఆనవాళ్ళు కానరాలేదు. వెనుక గోడ నేల కుంగుట వలన పడినది. అట్టి నష్టము పాలసీ పరిధిలోనిది కాదు.

ముప్పై ఒకటి అన్న అంకె కోసం వెతికింది. కాగితం వెనక్కి తిప్పి కూడా చూసింది. లేదు.

"ఏం రాశారే టీచరమ్మా?" ఎలీసమ్మ ముందుగదిలో మంచం మీద నుంచే అడిగింది.

కోపంలో జయకుమారి మొదటి వాక్యాన్ని తెలుగు చేసి పళ్ళు నూరుతూ చదివింది. "మన ఇల్లు చాలా శుభ్రంగా ఉందంట. ఆఫీసరు చూసి రాశాడంట." రెండో వాక్యానికి నోరు తెరిచేలోపే ముసలామె లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏందీ? మళ్ళా చదువు."

"అత్తా, అది కాదు..."

"చదవమంటంటే!"

చదివింది. ఎలీసమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డెబ్భై ఏళ్ళు ఆసాముల దొడ్లు ఊడ్చి, వాళ్ళ గడప బయట దోసిట్లో నీళ్ళు తాగిన మనిషి. "పెద్ద ఆఫీసరే! మన ఇంటిని! కాయితం మీద!" అంటూ చేతికర్ర కూడా మర్చిపోయి వీధిలోకి వెళ్ళింది. "వీరమ్మా, ఓ వీరమ్మా, విన్నావంటే" అన్న కేక, మధ్యలో దగ్గు, దగ్గు ఆగాక మళ్ళీ అదే కేక. జనం చేరారు. కాసేపటికి, "టీచరమ్మా, ఆ కాయితం ఇట్టా తీసుకురా. వీరమ్మ నమ్మటల్లేదు" అని పిలుపు.

జయకుమారి కాగితం పట్టుకుని వెళ్ళింది. వీరమ్మ గుడిసె ముందు ఇరవైమంది నిలబడి ఉన్నారు. అందరి ముఖాలూ ఆమె వైపు తిరిగాయి. వీరమ్మ ముఖం కూడా. మొదటి వాక్యం చదివింది. అక్కడ ఆపేసి కాగితం మడిచింది. అందరూ సంతోషించారు. ఎవరో, "ఆ ముక్క పటం కట్టించండి" అన్నారు. ఆమెకి కడుపులోంచి వాంతి తన్నుకొచ్చింది. వాళ్ళముందు కక్కలేక, మింగి నిలబడింది.